డాన్ డేర్: ఒక బొమ్మల కథ, దాని అభిమానులు

మన విద్యార్థి సంఘం కార్యదర్శి మొన్న మా ఇంటికి వచ్చి, "సార్, ఈ ఏడు సావనీరుకి మీరు తప్పకుండా ఒక వ్యాసం ఇవ్వాలి. సైన్సు మీదైతే బాగుంటుంది" అన్నాడు.

"ఏం రాయమంటావు బాబూ?" అన్నాను.

"రోదసి యాత్రల మీద రాయండి సార్."

"రాస్తాను గాని, రాకెట్ల గురించి కాదు. రాకెట్ల బొమ్మలు గీసిన ఒకాయన గురించి రాస్తాను."

"అంటే... కామిక్కుల గురించా సార్?" అని కుర్రవాడు కాస్త నసిగాడు.

అవును, కామిక్కు గురించే. ముప్ఫై మూడేళ్ళు ఇదే కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషికి ఇదేం పిచ్చి అని మీరూ అనుకోవచ్చు. ముందు చదవండి. తర్వాత ఏమన్నా పడతాను.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద

1974లో నేనిక్కడే ఎం.ఎస్సీ. చదువుతుండేవాణ్ణి. హాస్టలు మెస్సు బిల్లు కట్టగా మిగిలిన చిల్లర పట్టుకుని ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు వెతుక్కోవడం మా గదిలో నలుగురికీ అలవాటు. మిగతా ముగ్గురూ పోటీ పరీక్షల గైడ్లు చూసేవారు. ఒకనాడు నాకు దారంతో కుట్టిన పాత బొమ్మల వారపత్రికల కట్ట ఒకటి కనిపించింది. పత్రిక పేరు ఈగిల్. అన్నీ 1950ల నాటి ఇంగ్లండు సంచికలు. ఎవరింట్లోంచి వచ్చి అక్కడ పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి. రెండు రూపాయలకు బేరం కుదిరింది.

పైన ఉన్న సంచిక మొదటి పేజీలోనే ఆకుపచ్చ రంగు మనిషొకడు. తల గుమ్మడికాయంత, ఒళ్ళు చంటిపిల్లవాడంత. గాలిలో తేలే పళ్ళెంలాంటి ఆసనం మీద కూర్చుని ఉన్నాడు. వాడి పేరు మెకాన్. వాడికి ఎదురు నిలబడ్డవాడు పొడుగు ముఖం, కొనలు పైకి లేచిన కనుబొమ్మల కల్నల్ డాన్ డేర్, రోదసి దళం పైలట్. ఆ రాత్రి హాస్టల్లో దీపాలు ఆర్పేదాకా చదువుతూనే ఉన్నాను. వరుస సంచికలు కావు కనక కథకు తలా తోకా లేదు. అయితేనేం, ఆ బొమ్మల్లో యంత్రాలు నిజంగా పనిచేసేట్టు కనిపించాయి. ఏ గొట్టం ఎక్కడికి పోతుందో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో గీసినవాడికి తెలుసు అనిపించింది.

గీసినవాడు ఎవరో మాత్రం నేను చూడలేదు. చూడాలని తోచనే లేదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

ఒక పాదిరి, ఒక చిత్రకారుడు

ఈ పత్రిక పుట్టుక చిత్రమైనది. ఇంగ్లండులో ఆనాటి లాంకషైరు సముద్రతీరాన సౌత్‌పోర్ట్ అనే ఊరుంది. దాన్ని ఆనుకుని ఉన్న బిర్క్‌డేల్‌లో రెవరెండ్ మార్కస్ మోరిస్ అనే ఆంగ్లికన్ పాదిరి ఉండేవాడు. చర్చి తరఫున వచ్చే చిన్న పత్రికను తీసుకుని 'ది ఆన్విల్' అని పేరు పెట్టి, పెద్ద పత్రికలాగా నడపబోయి అప్పుల్లో పడ్డాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులవి. అమెరికా నుంచి వచ్చే హత్యల, దయ్యాల కామిక్కులు ఇంగ్లండు పిల్లల చేతుల్లో పడుతున్నాయి. ఇవి పిల్లల మనసుల్ని పాడుచేస్తున్నాయని 1949 ఫిబ్రవరిలో మోరిస్ ఒక ఆదివారం పత్రికలో ఘాటైన వ్యాసం రాశాడు.

ఇలాంటి వ్యాసాలు రాసేవాళ్ళు అన్ని దేశాల్లోనూ ఉంటారు. రాసి ఊరుకుంటారు. మోరిస్ ఊరుకోలేదు. చెడ్డ బొమ్మల కథలకు విరుగుడు మంచి బొమ్మల కథలే అని గ్రహించాడు. ఆన్విల్‌కు బొమ్మలు గీస్తున్న ఫ్రాంక్ హాంప్సన్ అనే యువకుణ్ణి పక్కన పెట్టుకుని ఒక నమూనా సంచిక తయారుచేశాడు.

హాంప్సన్ 1918లో మాంచెస్టరు దగ్గర పుట్టాడు. తండ్రి పోలీసు ఉద్యోగి. యుద్ధంలో సైన్యంలో పనిచేసి, బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవులో జర్మన్ల వి-2 రాకెట్ల దాడులు కళ్ళారా చూశాడు. యుద్ధం అయ్యాక సౌత్‌పోర్ట్ ఆర్టు స్కూల్లో చేరాడు. ప్రాణాలు తీయడానికి వచ్చిన ఆ రాకెట్టులోనే రేపు మనుషులు గ్రహాలకు పోతారని ఊహించిన మనిషి ఆయన.

నమూనా పట్టుకుని మోరిస్ లండన్‌లో పత్రికాఫీసులన్నీ తిరిగాడు. చాలామంది పొమ్మన్నారు. చివరికి హల్టన్ ప్రెస్ ఒప్పుకుంది. పత్రికకు పేరు పెట్టింది హాంప్సన్ భార్య డొరొతీ. చర్చిలో బైబిలు పెట్టి చదివే పీట గద్ద ఆకారంలో ఉంటుంది. దాన్ని చూసి 'ఈగిల్' అన్నది. 1950 ఏప్రిల్ 14న మొదటి సంచిక వచ్చింది. 20 పేజీలు, అందులో 8 పూర్తి రంగుల్లో, వెల మూడు పెన్నీలు. సుమారు 9 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. మొదటి రెండు పేజీలూ డాన్ డేర్‌వే.

ఇంకో తమాషా. మొదట అనుకున్న హీరో రోదసి పైలట్ కాదు. లండన్ మురికివాడల్లో రౌడీలను ఎదిరించే పాదిరి! తర్వాత ఆ పాదిరిని రోదసి దళంలో పురోహితుడిగా పంపుదామనుకున్నారు. చివరికి పాదిరి మెడపట్టీ తీసేసి కల్నల్ కోటు తొడిగారు. కోటు మారినా మనిషి మారలేదు. మాట తప్పడు, లొంగిపోయినవాణ్ణి చంపడు, శత్రువులోనూ మంచివాడుంటాడని నమ్ముతాడు.

కథ ఏమిటంటే

కథాకాలం 1990ల చివరి సంవత్సరాలు. భూమి అంతటికీ ఒకటే ప్రభుత్వం. యుద్ధాలు లేవు గాని తిండికి కరువొచ్చింది. శుక్రగ్రహం మీద పంటలు పండే నేల ఉందేమో చూడాలి. కాని అక్కడికి వెళ్ళిన నౌకలు చేరకుండానే పేలిపోతున్నాయి. మొదటి సంచికలోనే కింగ్‌ఫిషర్ అనే నౌక బయలుదేరుతుంది. దాని గతీ అంతే. అప్పుడు డాన్ డేర్, దళాధిపతి సర్ హ్యూబర్ట్ గెస్ట్, విగన్ ఊరివాడైన లావుపాటి సేవకుడు డిగ్బీ, ప్రొఫెసర్ జోస్లిన్ పీబాడీ, అమెరికా వాడొకడు, ఫ్రెంచి వాడొకడు కలిసి బయలుదేరతారు.

శుక్రగ్రహం ఉత్తరాన ట్రీన్లు. ఆకుపచ్చ ఒళ్ళు, మహా సైన్సు, మనసులో దయ అనేది బొత్తిగా లేదు. వాళ్ళ ఏలిక మెకాన్, కేవలం మెదడు కోసమే పెంచిన ప్రాణి. దక్షిణాన థెరాన్లు, శాంతి కోరేవాళ్ళు. మధ్యలో మంటల వలయం. ఈ ఒక్క కథే ఏడాదిన్నర నడిచింది. ట్రీన్లలోనే సోందర్ అనేవాడు మారి డాన్ డేర్‌కు ప్రాణమిత్రుడవుతాడు. పిల్లల కథే గాని, దయలేని తెలివి ఏం చేస్తుందన్న ప్రశ్న అందులో ఉంది. హిరోషిమా జరిగి అప్పటికి అయిదేళ్ళు కూడా కాలేదు.

తిండి కరువు కథ 1950లో ఇంగ్లండు పిల్లలకు అంతగా ఎందుకు పట్టింది? మన పాఠకులకు వెంటనే అర్థమవుతుంది. వాళ్ళ ఇళ్ళలో రేషను పుస్తకాలున్నాయి! యుద్ధం గెలిచిన దేశంలో 1954 దాకా రేషను నడిచింది. 1953 దాకా మిఠాయికి కూడా రేషనే. చక్కెర కోసం క్యూలో నిలబడ్డ పిల్లవాడికి, తిండి వెతుక్కుంటూ శుక్రగ్రహం దాకా పోయేవాడు దూరపువాడు కాదు, తన ఇంటివాడే.

సైన్సు సంగతి అడుగుతారా? మొదట్లో ఆర్థర్ సి. క్లార్క్ కొన్నాళ్ళు సలహాదారుగా ఉన్నాడు. 1945లోనే భూస్థిర ఉపగ్రహాల ఊహ చెప్పిన ఆయనే. ఆనాటికి శుక్రగ్రహం మేఘాల కింద ఏముందో ఎవరికీ తెలియదు. అడవులుంటాయేమో అనుకున్న శాస్త్రజ్ఞులూ ఉన్నారు. 1962లో మారినర్-2 దాని పక్కనుంచి వెళ్ళాక అది కొలిమి అని తేలింది. నేలమీద సుమారు 460 డిగ్రీల సెంటిగ్రేడు వేడి, మన గాలి కన్నా 90 రెట్లు ఒత్తిడి. ట్రీన్లూ లేరు, థెరాన్లూ లేరు. అయినా స్పుత్నిక్ ఎగరడానికి ఏడేళ్ళ ముందు, ప్రతి వారం లక్షల మంది పిల్లల చేత గ్రహాల దూరాలు, భారరహిత స్థితి వంటి మాటలు పలికించిన పత్రిక అది. పత్రిక నడిమి పేజీల్లో రైలింజన్లనూ ఓడలనూ సొరకాయలా నిలువునా కోసి లోపలి భాగాలు చూపించే బొమ్మలుండేవి. మొదటి సంచికలో గ్యాస్ టర్బైన్ రైలింజన్ వేశారు.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. భూమి అంతటికీ ఒకే ప్రభుత్వమట, కాని నాయకుడు మాత్రం ఇంగ్లీషు ఆఫీసరే! ఆయన బూట్లు తుడిచి టీ పెట్టేందుకు పక్కన డిగ్బీ. మనకు స్వాతంత్ర్యం వచ్చిన మూడేళ్ళకు, సామ్రాజ్యం చేజారుతున్న వేళ, వాళ్ళు రోదసిలో మరో సామ్రాజ్యం కలగన్నారేమో అని నాకు అనిపిస్తుంది. ప్రొఫెసర్ పీబాడీ ఆడమనిషి అని తెలిసి సర్ హ్యూబర్ట్ గారు గునుస్తారు. అయితే ఆమె ఆ యాత్రలో శాస్త్రజ్ఞురాలు, అలంకారానికి తెచ్చిన బొమ్మ కాదు. 1950కి అది చిన్న సంగతేమీ కాదు.

బొమ్మ వెనక పని

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వారానికి రెండు పేజీలు. ఇందులో ఏముంది, ఒక మనిషి కూర్చుని గీస్తే అయిపోతుంది అనుకుంటాం. హాంప్సన్ పద్ధతి అది కాదు.

సౌత్‌పోర్ట్ పక్కన చర్చ్‌టౌన్‌లో ఒక పాత బేకరీని స్టూడియోగా మార్చారు. ముందు హాంప్సన్ కథ రాసుకుని ప్రతి గడికీ చిత్తు బొమ్మ వేసేవాడు. ఆ చిత్తు బొమ్మ ప్రకారం సహాయకులు వేషాలు వేసుకుని నిలబడితే ఫోటోలు తీసేవారు. నీడ ఎటు పడుతుంది, చెయ్యెత్తితే కోటు ఎక్కడ ముడత పడుతుంది, ఇవన్నీ ఫోటోలో చూసి గీయాలి. సర్ హ్యూబర్ట్ గెస్ట్ ఎవరనుకున్నారు? హాంప్సన్ తండ్రే. ఫ్లేమర్ స్ప్రై అనే కుర్రవాడు హాంప్సన్ కొడుకు పీటర్. ప్రొఫెసర్ పీబాడీకి నిలబడింది స్టూడియోలో పనిచేసే చిత్రకారిణి గ్రెటా టామ్లిన్సన్. రోదసి నౌకలకు చిన్న నమూనాలు చేసి పెట్టుకునేవారు, ఏ వైపునుంచి చూసినా ఒకేలా రావాలని. హెరాల్డ్ జాన్స్, జోన్ పోర్టర్, బ్రూస్ కార్న్‌వెల్, ఎరిక్ ఈడెన్, డాన్ హార్లీ ఇంకా కొందరు వేర్వేరు కాలాల్లో ఆ బల్లల దగ్గర రాత్రులు కూర్చున్నవాళ్ళే. పని ఒత్తిడికి హాంప్సన్ జబ్బుపడ్డ రోజులూ ఉన్నాయి. అప్పుడు కథ సహాయకుల చేతుల మీద నడిచింది.

ఫిజిక్సు ప్రాక్టికల్సు చేసినవాళ్ళకు ఈ మనస్తత్వం తెలుస్తుంది. రీడింగు ఊహించి రాయడం ఒకటి, తీసి రాయడం ఒకటి. ఆయన రీడింగు తీసి రాసే రకం. 1974లో నాకు ఆ యంత్రాలు పనిచేసేట్టు కనిపించడానికి కారణం ఇదీ.

పేరు వెలిగింది, మనిషి మరుగయ్యాడు

డాన్ డేర్ పేరు ఇంగ్లండంతా మోగింది. 1951 నుంచి రేడియో లక్సెంబర్గ్‌లో నాటకంగా వచ్చాడు. ఆ కార్యక్రమానికి డబ్బు పెట్టింది ఎవరో తెలుసా? మన ఇళ్ళలో జ్వరం తగ్గిన పిల్లలకు పట్టే హార్లిక్స్ వాళ్ళే! డాన్ డేర్ బొమ్మతో ఆట తుపాకులు, చేతి గడియారాలు అమ్మారు. 1975లో ఎల్టన్ జాన్ ఆయన పేరుతో పాట కూడా పాడాడు.

ఇంత జరుగుతున్నా డాన్ డేర్ మీద హాంప్సన్‌కు హక్కు లేదు. ఆనాటి కంట్రాక్టుల ప్రకారం బొమ్మా కథా పేరూ అన్నీ ప్రచురణకర్తవే. 1959లో హల్టన్ పత్రికలు ఓడమ్స్ ప్రెస్ చేతికి వెళ్ళాయి. మోరిస్ తప్పుకున్నాడు. ఇద్దరు చేసే పనికి ఇంతమంది ఎందుకు, ఇంత ఖర్చెందుకు అన్న లెక్కలు మొదలయ్యాయి. హాంప్సన్ డాన్ డేర్‌ను వదిలేశాడు. ఆ తర్వాత క్రీస్తు జీవితాన్ని బొమ్మల కథగా గీసి, 1961లో పత్రికకే దూరమయ్యాడు. ఫ్రాంక్ బెల్లమీ అనే మరో గొప్ప చిత్రకారుడికి డాన్ డేర్‌ను ఇచ్చి నౌకలనూ దుస్తులనూ మార్చమన్నారు. ఏడాది తర్వాత ఆయనా వెళ్ళిపోయాడు. 1962 నుంచి కీత్ వాట్సన్ అనే పాత సహాయకుడు హాంప్సన్ నాటి రూపాలను మళ్ళీ తెచ్చాడు. 1967 ఆరంభంతో కొత్త కథలు ఆగాయి. 1969 ఏప్రిల్‌లో ఈగిలే ఆగిపోయింది.

మరి హాంప్సన్? బతుకుతెరువు కోసం దొరికిన బొమ్మలల్లా వేశాడు. లేడీబర్డ్ పుస్తకాలు మీలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. అందులో ఇంగ్లండు రాజులూ రాణుల పుస్తకం బొమ్మలు ఆయనవే. మా అక్కయ్య కూతురికి నేనే ఆ పుస్తకం కొనిచ్చాను. అవే చేతులు అని నాకు తెలియలేదు. 1970లలో ఆయన ఎప్సమ్ దగ్గర ఈవెల్‌లో ఒక టెక్నికల్ కాలేజీలో గ్రాఫిక్సు టెక్నీషియనుగా ఉద్యోగం చేశాడు. ఎవరి బొమ్మలు చూసి ఒక తరం పిల్లలు గీయడం మొదలుపెట్టారో, ఆయన ఒక కాలేజీలో లెక్చరర్లకు చార్టులూ బొమ్మలూ తయారుచేసిపెట్టే పనిలో ఉన్నాడు. ఉద్యోగం చేస్తూనే ఓపెన్ యూనివర్సిటీలో చదివి, అరవై దాటాక 1979లో డిగ్రీ పుచ్చుకున్నాడు. మన దూరవిద్య విద్యార్థులు ఈ మాట గమనించాలి.

అభిమానులు చేసిన పని

మన దేశంలో అభిమాని అనగానే గుర్తొచ్చేది కటౌటు, పూలదండ, పాలాభిషేకం. నేను తప్పు పట్టడం లేదు, నేనూ ఒకప్పుడు మొదటి ఆట టిక్కెట్టు కోసం చొక్కా చింపుకున్నవాణ్ణే. డాన్ డేర్ అభిమానులు చేసిన పని వేరు.

1975లో ఇటలీలోని లుక్కా పట్టణంలో బొమ్మల కథల వాళ్ళ అంతర్జాతీయ సభ జరిగింది. అక్కడి న్యాయనిర్ణేతలు, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బొమ్మల కథలు రాసి గీసినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాంక్ హాంప్సన్ అని తేల్చారు. సొంత దేశం టెక్నీషియను అనుకుంటున్న మనిషిని పరాయి దేశం మాస్టరు అన్నది. అప్పటికి ఈగిల్ చదివిన పిల్లలు ముప్ఫై, నలభై ఏళ్ళ వాళ్ళయ్యారు. ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. చిన్నప్పుడు అమ్మ చిత్తుకాగితాల వాడికి వేసేసిన సంచికల కోసం వెతకడం మొదలుపెట్టారు.

వెతికి దాచుకుని ఊరుకుంటే అది సేకరణే అవుతుంది. వీళ్ళు అక్కడ ఆగలేదు. ఏ సంచికలో ఏ గడి హాంప్సన్ స్వయంగా గీశాడు, ఏది హార్లీ చెయ్యి, ఏది జాన్స్ చెయ్యి అని గీత గీతా పట్టి పోల్చారు. బతికి ఉన్న సహాయకులను వెతికి పట్టుకుని ఆనాటి స్టూడియో సంగతులు అడిగి రాసుకున్నారు. 1985లో హాంప్సన్ జీవిత చరిత్ర పుస్తకంగా వచ్చింది. రేపటిని గీసిన మనిషి అని దాని పేరుకు అర్థం. అదే ఏడు జూలైలో ఆయన కన్నుమూశాడు. 1987 నుంచి పాత కథలు పెద్ద సైజు సంపుటాలుగా మళ్ళీ అచ్చయ్యాయి. 1988లో అభిమానుల సంఘం 'ఈగిల్ టైమ్స్' అనే త్రైమాసిక పత్రిక మొదలుపెట్టింది. 2003లో 'స్పేస్‌షిప్ అవే' అనే మరో పత్రిక వచ్చింది. దాని కోసం కీత్ వాట్సన్ చేత ఒక అభిమాని ముందే కొత్త కథ గీయించడం మొదలుపెట్టాడు. 1994లో వాట్సన్ చనిపోతే, మిగిలిన కథను హాంప్సన్ కుడిభుజమైన డాన్ హార్లీ పూర్తిచేశాడు.

డాన్ డేర్ పేరు పెట్టి కంపెనీలు తెచ్చిన కొత్త అవతారాలు వేరే. 1977లో ఒక పత్రికలో, 1982లో కొత్త ఈగిల్‌లో, 2007లో మరొకటి. ఈ చివరిది వేసిన వర్జిన్ కామిక్స్‌కు మన బెంగుళూరులో స్టూడియో ఉండేది. పాత అభిమానులు కొన్నిటిని మెచ్చారు, కొన్నిటికి మొహం చిట్లించారు. పేరు కొనుక్కోవచ్చు, చెయ్యి కొనుక్కోలేం కదా అన్నది వాళ్ళ బాధ.

2013లో మా అమ్మాయిని చూడటానికి మాంచెస్టరు వెళ్ళినప్పుడు సౌత్‌పోర్ట్ చూసి రావాలని పట్టుబట్టాను. రైలు విగన్ మీదుగా పోతుంది. విగన్ స్టేషను బోర్డు చూసి "డిగ్బీ వాళ్ళ ఊరు!" అన్నాను. మా అమ్మాయి నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. సౌత్‌పోర్ట్‌లో బజారు మధ్య ఒక ఆర్కేడు దగ్గర డాన్ డేర్ కంచు బొమ్మ ఉంది, తల, భుజాల వరకు. నేను అక్కడ నిలబడి ఉండగా కర్ర పట్టుకున్న ఒక పెద్దాయన ఆగాడు. నేను ఇండియా నుంచి వచ్చానని విని ఆశ్చర్యపోయాడు. ఏ సంచికలు చదివావని అడిగాడు. నేను ఒక కథ గుర్తు చెప్పగానే, అందులో మొదటి కొన్ని వారాలు హాంప్సన్‌వి, మిగతావి ఫలానా వాళ్ళవి అంటూ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నేను ఏ సినిమా తారల గురించీ, ఏ శాస్త్రజ్ఞుడి గురించీ అంత శ్రద్ధగా చెప్పగా వినలేదు. ఆయనకు డాన్ డేర్ మీద ఉన్నది ఇష్టం. కాని దానికన్నా పెద్దది, ఆ ఇష్టాన్ని తనకు కలిగించినవాళ్ళు ఎవరెవరో తెలుసుకుని తీరాలన్న పట్టుదల. అభిమానం అంటే ఇంత బాకీ తీర్చడం కూడా అని నాకు ఆ రోజు అర్థమైంది.

చట్టం ప్రకారం హాంప్సన్‌కు రాని హక్కు ఆ అభిమానులు తెచ్చిపెట్టలేదు. అది వాళ్ళ చేతిలో లేదు. చేతిలో ఉన్నది చేశారు. బొమ్మ కింద పేరు పెట్టారు. ఒక్క హాంప్సన్ పేరే కాదు, ఆ బేకరీలో రాత్రులు కూర్చున్నవాళ్ళ పేర్లన్నీ పెట్టారు.

మన లాబు గోడ మీద

ఇంటికి తిరిగి వచ్చాక నేను ఒకరోజు మన ఫిజిక్సు లాబుకు వెళ్ళాను. రిటైరైనవాడు వస్తే కుర్ర లెక్చరర్లు లేచి నిలబడ్డారు, టీ తెప్పించారు. నేను వెళ్ళింది టీకి కాదు, గోడ మీది చార్టుల కోసం.

ఈ సావనీరు చదివే పాత విద్యార్థులందరికీ ఆ చార్టులు గుర్తుండాలి. స్పెక్ట్రోమీటరు, న్యూటన్ వలయాలు, ఇంటర్‌ఫెరోమీటరు, మొత్తం పద్నాలుగు. నల్ల ఇండియన్ ఇంకు, ఎర్ర సిరాతో కిరణాలు. కిరణం ఎక్కడ వంగాలో అక్కడే వంగుతుంది, ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ ఉండదు. 1978లో నేను లెక్చరరుగా చేరేనాటికే అవి అక్కడ ఉన్నాయి. వాటిని గీసింది ప్రొఫెసరూ కాదు, లెక్చరరూ కాదు. ఒక లాబ్ అటెండరు. సాయంత్రం మేమంతా ఇళ్ళకు పోయాక, పరికరాన్ని బల్ల మీద పెట్టుకుని, దీపం వెలుగులో కొలిచి గీసేవాడు. నేను కళ్ళారా చూశాను. ముప్ఫై మూడేళ్ళు ఆ చార్టుల మీద కర్ర పెట్టి పాఠం చెప్పాను. ఇది గీసింది ఫలానాయన అని ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. ఆబిడ్స్‌లో కొన్న కట్ట మీద పేరు చూడని కుర్రవాడు ముసలివాడయ్యే దాకా మారలేదన్నమాట.

ఆ రోజు ఒక్కొక్క చార్టు కిందా వంగి చూశాను. డిపార్టుమెంటు రబ్బరు స్టాంపు ఉంది. పేరు లేదు.

అందుకని మన విద్యార్థి సంఘం వారికి నాదొక మనవి. ఈ ఏడు వార్షికోత్సవానికి వేదిక అలంకరణ కోసం పెట్టే ఖర్చులో పద్నాలుగు చిన్న అట్టముక్కల ఖరీదు తీసి పక్కన పెట్టండి. ఆయన ఇప్పుడు లేడు, కాని ఆయన కొడుకు ఈ ఊళ్ళోనే ఉన్నాడు. పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి.

పేరు నాకు తెలుసు. మీ కార్యదర్శికి చీటీ మీద రాసి ఇచ్చాను. సావనీరులో అచ్చు వేయమని కాదు, చార్టు కింద రాయమని.